దోసగింజంత బంగారం

పుష్పకుమారి మొగుడు ఎన్ని సినిమాల్లో చచ్చిపోయాడో ఆమె లెక్కపెట్టలేదు. ఒక్కటీ చూడలేదు కూడా. తాళి కట్టినవాడు పాడె మీద పడుకుని ముక్కుల్లో దూది పెట్టించుకుంటే, చూసి చప్పట్లు కొట్టడానికి తనకేం పట్టిందని ఆమె వాదన.

అంతోనికి మాత్రం అదే కొలువు. ఎండలో బంతిపూల దండల కింద ఉడికిపోవడం, చీమ కుట్టినా కదలకపోవడం, డైరెక్టరు కట్ అనేదాకా ఊపిరిని పొట్టలోనే దాచుకోవడం. సినిమా పనివాళ్ళు చేరే కృష్ణానగర్ టీకొట్ల దగ్గర ‘శవాల అంతోని’ అంటే తెలియనివాళ్ళు లేరు. మొదట్లో ఆ పేరుకు బాధపడ్డాడు. బతికున్న వేషాలిచ్చేవాళ్ళు ఎటూ లేరు, చచ్చిన వేషమైనా ఇస్తున్నారు, ఇక పేరు మీద పేచీ ఎందుకని తర్వాత ఊరుకున్నాడు.

అంతకు ముందు కొన్నాళ్ళు విలన్ వెనకాల నిలబడే రౌడీ వేషాలు వేశాడు. రేపల్లె నుంచి వచ్చిన కొత్తలో ఎవరో మేనేజరు “నవ్వితే గుర్తుండాలయ్యా మనిషి” అన్నాడట. ఈయన తిన్నగా వెళ్ళి, పెళ్ళిలో మామగారు పెట్టిన ఉంగరం కరిగించి, పై వరసలో పన్నుకు బంగారు తొడుగు వేయించుకుని వచ్చాడు. పుష్పకుమారి ఏడ్చింది. “వేలికి పెట్టుకోమని మా నాన్న ఇస్తే నోట్లో పెట్టుకున్నారా?” అని నెల రోజులు మాట్లాడలేదు. ఆ పన్నుతో నాలుగు సినిమాల్లో నవ్వాడు. ఆ తర్వాత రౌడీలందరూ కుర్రాళ్ళైపోయారు, ఈయన శవమైపోయాడు.

శవానికి కూడా ఒక నవ్వు ఉంది. అంతోని పనిచేసిన సెట్లన్నింట్లో అదొక ఆచారం. చచ్చిపోయిన వేషం వేసినవాడు ఆఖరి షాటు అవ్వగానే లేచి కెమెరాలోకి చూసి నవ్వాలి. ఆ నవ్వు సినిమాలో పెట్టరు, అయినా తియ్యాల్సిందే. నవ్వకుండా సెట్టు దాటితే ఆ చావు మనిషి వెంట ఇంటిదాకా వస్తుందని భయం. అంతోని లేచి బంగారు పన్ను మెరిసేలా నవ్వితే లైట్‌మెన్ ఈలలు వేసేవాళ్ళు.

“మనకెందుకండీ ఈ మూఢనమ్మకాలు?” అనేది పుష్పకుమారి. ఆమె యూసుఫ్‌గూడ చర్చిలో ఆదివారం పిల్లలకు పాటలు నేర్పుతుంది.

“ఇది హిందువులదీ కాదు, మనదీ కాదు పుష్పా. సినిమావాళ్ళది,” అనేవాడు అంతోని.

ఇప్పుడు ఆ పన్నూ లేదు, ఆ నవ్వూ లేదు. పన్ను రెండేళ్ళ కిందట మొదలంటా ఊడి వచ్చింది. ఆమె దూదిలో చుట్టి, బైబిలు పక్కనుండే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టింది. నవ్వు పోయిన కథ వేరు. పోయిన ఏడాది చివర్లో అంతోని ఎడమ చెవి ముందు గడ్డ లేచింది. ముఖం నరం గడ్డలోంచే వెళుతోంది, నరం పోకుండా గడ్డ రాదని ఆసుపత్రిలో ముందే చెప్పారు. చెప్పినట్టే చేశారు. ప్రాణం దక్కింది. ఎడమ వైపు ముఖం మాత్రం తడిబట్టలా వేలాడిపోయింది. పుక్కిలిస్తే పెదవి మూల నుంచి నీళ్ళు కారిపోతాయి. వాటికి ఇద్దరూ అలవాటుపడ్డారు. అలవాటు పడలేనిది కన్ను. ఎడమ కన్ను మూతపడదు.

మూతపడని కన్ను ఇంట్లో ఉంటే నిద్ర ఇద్దరికీ ఉండదు. రాత్రి పడుకునే ముందు ఆమె ఆయన కంట్లో మందు పూసి, రెండు రెప్పలూ దగ్గరికి లాగి ప్లాస్టరు అంటిస్తుంది. కాసేపటికి అది ఊడిపోతుంది. ఆమె లేస్తుంది, లైటు వేస్తుంది, మళ్ళీ అంటిస్తుంది. ఫ్యాను వేస్తే కన్ను ఎండిపోతుంది, ఆపితే ఉక్కపోత. “మీరు నిద్రపోతున్నారో నన్నే చూస్తున్నారో తెలియట్లేదండీ,” అని ఒకరోజు నవ్వులాటకు అంది. ఆయన నవ్వబోయాడు. సగం ముఖమే నవ్వింది. ఆ రోజు నుంచి ఆయన నవ్వడం మానేశాడు. ఆమె కూడా అలాంటి మాటలు అనడం మానేసింది.

నాలుగు నెలలు అలా గడిచాయి. పుష్పకుమారి అలసిపోయింది. పిల్లలకు పాట నేర్పుతూ నేర్పుతూ చరణం మధ్యలో కళ్ళు మూతలు పడేవి. కునుకు తీసినందుకు కూడా సిగ్గుపడాల్సి వచ్చేది. ఇంట్లో ఆయనకు లేని నిద్ర తనకెలా వస్తోందని తన మీద తనకే కోపం వచ్చేది.

కంటి డాక్టరు పద్మప్రియ మంచి మనిషి, కానీ నిజాన్ని మెత్తగా చెప్పడం తెలియదు. “ఇలాగే ఉంటే నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. చూపు పోతుంది,” అంది. ఆ తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుని వివరంగా చెప్పింది. “కన్ను తెరిచే నరం వేరు, మూసే నరం వేరండీ. మీకు తెరిచేది బాగానే ఉంది, మూసేదే పోయింది. అందుకని పై రెప్పలో చిన్న బరువు పెడతాం. మీరు ఎత్తితే రెప్ప లేస్తుంది, వదిలేస్తే ఆ బరువుకి అదే దిగుతుంది.”

“ఏం బరువమ్మా?” అన్నాడు అంతోని.

“బంగారం.”

పుష్పకుమారి ఉలిక్కిపడింది. “బంగారు కత్తి అని మెడ కోసుకుంటామా డాక్టరుగారూ? కంట్లో బంగారం ఏంటండీ?”

“మరి ఇంకేం పెట్టమంటారు?” అంది పద్మప్రియ. “రెప్పలో ఉన్న చోటెంత? అంత చోటులో పట్టే ఇనుముకి బరువు చాలదు, పైగా తుప్పు. వెండి నల్లబడుతుంది. సీసం బరువే గానీ విషం. బంగారం ఈ కాస్త ఉన్నా బరువుంటుంది. ఏళ్ళ తరబడి కన్నీళ్ళలో నానినా చెక్కుచెదరదు. ఒంట్లో పెట్టినా ఒళ్ళు దాంతో పేచీ పెట్టుకోదు. మెత్తన కాబట్టి కంటిగుడ్డు వంపుకి సరిగ్గా వంచొచ్చు. నగల బంగారం కాదులెండి, అందులో రాగి కలుస్తుంది. లోపల పెట్టేది మేలిమిది, మేమే తెప్పిస్తాం.”

ఆమె డ్రాయర్లోంచి చిన్న పెట్టె తీసింది. అందులో దోసగింజల్లాంటి పసుపుపచ్చ బిళ్ళలు వరసగా ఉన్నాయి. ఎంత బరువు సరిపోతుందో చూడాలంటూ ఒకటి తీసి అంతోని రెప్ప మీద పైనే అంటించింది. “ఇప్పుడు కన్ను వదిలెయ్యండి,” అంది.

రెప్ప నెమ్మదిగా దిగింది. పూర్తిగా దిగింది. పుష్పకుమారి వంగి దగ్గరగా చూసింది. నాలుగు నెలల తర్వాత ఆయన ముఖం ఆయన ముఖంలా ఉంది.

“సరిపోయింది. ఇక తెరవండి,” అంది డాక్టరు.

అంతోని తెరవలేదు. “కాసేపు ఉండనివ్వండమ్మా,” అన్నాడు. బయట వరసలో జనం ఉన్నారు. అయినా డాక్టరు కంప్యూటరు వైపు తిరిగి ఏదో రాసుకుంటూ కూర్చుంది.

ఆపరేషన్ వచ్చే నెలకు కుదిరింది. వెళ్ళబోతుంటే పద్మప్రియ, “అది పెట్టాక కూడా పడుకునేటప్పుడు తల బాగా ఎత్తుగా ఉండాలి, మర్చిపోకండి,” అంది. డాక్టర్లు చెప్పే సవాలక్ష జాగ్రత్తల్లో అదొకటనుకుని ఇద్దరూ తలూపారు. ఇంకో దిండు కొనాలనుకుంది పుష్పకుమారి.

ఇంటికి చేరేలోపే ఫోను మోగింది. కో-డైరెక్టర్ వరప్రసాద్. జూబ్లీహిల్స్‌లో ఒక బంగళాలో షూటింగు. ఇంటి పెద్ద చనిపోయి హాల్లో ఉంటాడు, పిల్లలు ఆయన చుట్టూ చేరి ఆస్తి కోసం కొట్లాడుకుంటారు. “ఇంటర్వెల్ ముందొచ్చే పెద్ద సీను అంతోనీ గారూ. ప్రతి షాట్‌లో మీ ముఖం ఉంటుంది. మీ పాత ఫొటో చూసి డైరెక్టర్ గారు ఓకే అన్నారు. వచ్చే వారమే.”

అంతోని ఆటో అద్దంలో తన ముఖం చూసుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆయన ముఖం దండల వెనకో, హీరో భుజం వెనకో ఉండేది. ముఖం సగం చచ్చిపోయాక ముఖానికి వేషం వచ్చింది. పుష్పకుమారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

“చెప్పెయ్యండి,” అంది. “కన్ను బాగోలేదని చెప్పెయ్యండి.”

“చెబితే ఇంకోణ్ని పెట్టుకుంటారు. శవం వేషం కూడా వెయ్యలేడట అని ఒకసారి కృష్ణానగర్‌లో మాట పుట్టిందంటే నన్నిక ఎవరు పిలుస్తారు పుష్పా? మూతి వంకర శవానికి అడ్డం కాదు. ఒక్క కన్ను మూసుకుంటే చాలు.”

ఆ ‘ఒక్క కన్ను’ ఎలా మూయాలా అని ఇద్దరూ రెండు రోజులు తల పట్టుకున్నారు. ఆ తర్వాత వీళ్ళతో కలిసిన మూడో మనిషి వీరయ్య. అంతోనికి పాత స్నేహితుడు, ఈ సినిమాలో మేకప్‌మేన్. సంగతంతా విని తొడ చరిచాడు. “ఓస్, ఇంతేనా! డాక్టరమ్మ పైన అంటించింది కదన్నా? అంటించడం మనకి రాదా? ముప్పై ఏళ్ళు మీసాలంటించినోణ్ని, రెప్ప మీద గింజంటించలేనా?”

“బంగారం?” అన్నాడు అంతోని.

ముగ్గురూ బైబిలు పక్కనున్న ప్లాస్టిక్ డబ్బా వైపు చూశారు.

యూసుఫ్‌గూడ సందులో సుబ్బరామయ్య అనే కంసాలి ఉన్నాడు. ఆయన ఆ పన్ను తొడుగు తీసి, వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పాడు. “మాంసమూ చేపలూ ఇన్నేళ్ళు నమిలినా రంగు చూడండమ్మా, నిన్న పోసినట్టుంది,” అన్నాడు. పుష్పకుమారికి తన తండ్రి గుర్తొచ్చాడు. ఉంగరం పన్నైంది, పన్ను ఇప్పుడు రెప్ప మీదికి పోతోంది. తొడుగును కరిగించి, సుత్తితో కొడితే రేకులా సాగిందే గానీ ఎక్కడా చిట్లలేదు. రేకును మడిచి మడిచి కొట్టి, అంచులు అరగదీసి, దోసగింజ ఆకారం తెచ్చి, చివరికి పిల్లలాడుకునే గోళీ మీద పెట్టి కంటిగుడ్డు వంపు వంచాడు. దేనికని అడగలేదు. సినిమావాళ్ళు తెచ్చే పనులకు కారణాలు అడగడం ఆయన ఎప్పుడో మానుకున్నాడు.

షూటింగు రోజు పుష్పకుమారి కూడా వెళ్ళింది. కంటి చుక్కల మందు సంచిలో పెట్టుకుని, మొగుడి వెంట సెట్టుకు వెళ్ళడం ఆమెకు అదే మొదలు. కొండ మీద బంగళా, గేటు ముందు జనరేటరు వ్యాను, లోపల తీగలూ స్టాండ్లూ తొక్కుకుంటూ తిరిగే మనుషులు. ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని వచ్చిన అంతోనిని మేకప్ గదిలో కూర్చోబెట్టి, వీరయ్య గుండుసూది మొనంత జిగురు తీసుకుని బంగారు గింజను రెప్ప నడుమ అద్దాడు. వెంట్రుకల దగ్గరికి జిగురు రానివ్వలేదు. పుష్పకుమారి అతని చెయ్యి పట్టుకున్నంత పని చేస్తూ పక్కనే నిలబడింది. పైన చర్మం రంగు పూశాక గింజ కనిపించనే లేదు.

“మూసెయ్యన్నా,” అన్నాడు వీరయ్య. రెప్ప దిగింది. “తెరువు.” లేచింది. “మూసెయ్.” దిగింది.

“స్తోత్రం,” అంది పుష్పకుమారి పైకే. ఆ కుర్చీలోనే ఆయన్ని కాసేపు అలా వదిలేస్తే బాగుండుననుకుంది. కానీ పిలుపు వచ్చింది.

హాలు మధ్యలో చాప పరిచి ఉంది. తల వైపు దీపం. చుట్టూ ఏడవడానికి వచ్చిన ఆడవాళ్ళు. వాళ్ళకు ముందు కూర్చున్న బాలమణిది జహీరాబాదు దగ్గర పల్లె. సినిమాల్లో ఏడవడమే ఆమె పని. అంతోని చావుకు ఆమె ఏడ్చినన్నిసార్లు ఏ మనిషి చావుకూ ఎవరూ ఏడ్చి ఉండరు. “రా అన్నా, మల్ల సచ్చినవా?” అని పలకరించింది.

అంతోని చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. దవడకు కట్టు కట్టారు, దాంతో మూతి వంకర కూడా కనిపించకుండా పోయింది. దండ వేశారు. కెమెరా దగ్గరికి వచ్చింది. అప్పుడు ఎడమ కన్ను మెల్లగా తెరుచుకుంది.

వీరయ్య పరుగెత్తి వచ్చి రెప్పను వేలితో మూశాడు. వేలు తియ్యగానే తెరుచుకుంది. ఇంకాస్త జిగురు అద్దాడు. గింజ రెప్పకు గట్టిగానే అంటుకుని ఉంది, రెప్ప మాత్రం దిగడం లేదు. బంగారానికి తెలిసిన విద్య ఒక్కటే, కిందికి పోవడం. కూర్చున్నప్పుడు కిందంటే చెంప వైపు. పడుకున్నప్పుడు కిందంటే తల వెనక వైపు. మేకప్ కుర్చీలో కూర్చోబెట్టి ఎన్నిసార్లు చూసుకున్నా, శవం పడుకుంటుందన్న సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. అన్నేళ్ళు శవం వేసినవాడికీ తట్టలేదు.

మానిటరు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. “ఏంటయ్యా, శవం నన్నే చూస్తోంది?” అన్నాడు డైరెక్టరు.

వరప్రసాద్ వచ్చి వంగి చూశాడు. కన్ను చూశాడు, వేలాడే చెంప చూశాడు. ముఖం మాడిపోయింది. “ఏంటి అంతోనీ ఇది? ఎప్పట్నుంచి? ముందే చెప్పొద్దా?” అంతోని చాప మీద అలాగే పడుకుని కప్పు వైపు చూస్తున్నాడు. కుడి కన్ను మాత్రం మూసుకున్నాడు, సిగ్గుకు.

“గ్రాఫిక్స్‌లో మూసేయొచ్చు సార్,” అన్నాడు ఎవరో.

“శవానికి కూడా గ్రాఫిక్సేనా? మరి హీరోకేం మిగులుస్తారు?” అన్నాడు డైరెక్టరు.

వరప్రసాద్ ఫోను తీశాడు. శ్రీనగర్ కాలనీలో ఒక పెద్దాయన ఉన్నాడని, మధ్యాహ్నానికి వచ్చేస్తాడని చెబుతున్నాడు. పుష్పకుమారి గోడ పక్కన నిలబడి అంతా విన్నది. ఆమెకు కోపం రాలేదు. కోపం రావడానికి కూడా ఓపిక ఉండాలి. ఈ మనిషి కన్ను ఒకటి మూయడానికి నాలుగు నెలలుగా తను చెయ్యని పని లేదు, ఇంకేం చెయ్యాలో తెలియడం లేదు. అప్పుడు డాక్టరు మాట గుర్తొచ్చింది. తల ఎత్తుగా ఉండాలి. అది జాగ్రత్త కాదు, అదే అసలు సంగతి.

ఆమె అంతమందిలోకీ నడిచి వచ్చింది. “బాబూ, తల కింద ఎత్తు పెడితే మూసుకుంటుంది బాబూ. డాక్టరుగారు చెప్పారు.”

ఎవరీవిడ అన్నట్టు చూశారు. అయినా వీరయ్య ఒక దిండు తెచ్చి పెట్టాడు. కన్ను సగం మూసుకుంది. రెండో దిండు పెట్టాడు. ముప్పాతిక.

“శవానికి రెండు దిళ్ళేంటయ్యా? కాస్త నడుం వాల్చిన వాడిలా ఉన్నాడు,” అన్నాడు డైరెక్టరు. వరప్రసాద్ మళ్ళీ ఫోను చెవిన పెట్టుకున్నాడు.

“సార్, నేనొక మాట జెప్పనా?” అంది బాలమణి కూర్చున్న చోటు నుంచే. “మా దిక్కు మా లింగాయతులల్ల పీనుగను పండబెట్టరు. కుర్సీల కూసుండబెడ్తరు. తలకాయ వాలకుంట గుడ్డతోని కడ్తరు. అట్లనే తీస్కపోతరు.”

వరప్రసాద్ ఫోను చెవి నుంచి దించాడు.

“ముసలాయన పండుకుంటే ఏముంది సార్? గదే కూసున్నడనుకో, పిల్లలు కొట్లాడుకునుడు అంత ఆయన ముంగట్నే అయితది,” అందామె.

డైరెక్టరు గడ్డం గోక్కున్నాడు. అటు నాలుగడుగులు వేశాడు, ఇటు నాలుగడుగులు వేశాడు. కాసేపటికి అదే మాట ఆయన నోట్లోంచి ఇంగ్లీషులో వచ్చింది, చుట్టూ ఉన్నవాళ్ళు ఆహా అన్నారు. బాలమణికి అది కొత్త కాదు. తల మీది కొంగు సర్దుకుని, “ఇగ అన్నను కూసుండబెట్టుండ్రి, నా గొంతు ఎండిపోతుంది,” అంది.

బంగళావాళ్ళ ఎత్తు వీపు టేకు కుర్చీ ఒకటి పైనుంచి దింపారు. అంతోనిని అందులో నిటారుగా కూర్చోబెట్టి, నుదుటి మీదుగా తెల్లగుడ్డ చుట్టి కుర్చీకి కట్టారు. దవడ కట్టు సరిచేశారు. చేతులు కుర్చీ చేతుల మీద పెట్టారు. పుష్పకుమారి చుక్కల మందు వేసి, “ఇక వదిలెయ్యండి,” అంది మెల్లగా.

రెప్ప దిగింది. తండ్రి ఉంగరం చేసిన పని చూసి ఆమె పక్కకు తప్పుకుంది.

తర్వాత జరిగింది చూడటం ఆమెకు కష్టమైంది. ఇన్నేళ్ళూ చూడనని ఒట్టు పెట్టుకున్నది కళ్ళెదుటే ఉంది. దండ, తెల్లగుడ్డ, రెండు కళ్ళూ మూసుకున్న మొగుడు. కొడుకులు వేసినవాళ్ళు అరుచుకుంటున్నారు, కోడళ్ళు వేసినవాళ్ళు బీరువా తాళాల కోసం పెనుగులాడుతున్నారు, బాలమణి రాగం తీస్తోంది. ఆ రాగం వింటుంటే పుష్పకుమారికి దుఃఖం పొంగుకొచ్చింది. నోట్లో చెంగు కుక్కుకుంది. గడ్డ తీసిన రోజున ఆపరేషన్ థియేటర్ బయట ఆపుకున్న ఏడుపు ఇది. ఒక షాటు, మళ్ళీ ఒకటి, దగ్గర నుంచి ఒకటి. మధ్యలో వీరయ్య వెళ్ళి ఆయన చెవిలో ఏదో అడిగాడు. జవాబు రాకపోయినా ముఖం తుడిచి వచ్చాడు.

ఎండ కిటికీల్లోంచి హాల్లోకి దిగేవేళకు ఆఖరి షాటు అయిపోయింది. “సూపర్! ఏం చచ్చాడయ్యా! కట్!” అన్నాడు డైరెక్టరు. చప్పట్లు మోగాయి. “పెద్దాయనా, ఇక లేచి నవ్వండి.”

అంతోని లేవలేదు.

“అంతోనీ గారూ, అయిపోయిందండీ.”

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వరప్రసాద్ రెండడుగులు ముందుకు వేసి ఆగాడు. లైట్‌మేన్ ఒకడు దణ్ణం పెట్టుకున్నాడు. ముందు కదిలింది బాలమణి. “అన్నా,” అంది, ఈసారి రాగం లేకుండా.

పుష్పకుమారి తీగలు దాటుకుంటూ పరుగెత్తింది. కుర్చీ దగ్గరికి చేరి, దండ పక్కకు తోసి, ఆయన గుండె మీద అరచెయ్యి పెట్టింది. చెయ్యి కింద ఛాతీ పొంగింది. నెమ్మదిగా దిగింది. మళ్ళీ పొంగింది. దవడ కట్టు వెనక నుంచి సన్నగా, తెరలు తెరలుగా, నాలుగు నెలలుగా యూసుఫ్‌గూడ ఇంట్లో వినపడని గురక వస్తోంది.

ఆమె వెనక్కి తిరిగి నోటి మీద వేలు పెట్టింది. “నిద్రపోతున్నారు,” అంది. “లేపకండి. మీకు పుణ్యముంటుంది, లేపకండి.”

“నిద్రా? ఇంత గోలలోనా?” అన్నాడు వరప్రసాద్. అంబులెన్సుకని తీసిన ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

ఎవరూ లేపలేదు. అయితే కెమెరామేన్ కెమెరా ఆపలేదు. అతనికి నవ్వు కావాలి. నవ్వు తియ్యకుండా ప్యాకప్ చెప్పడానికి డైరెక్టరుకూ ధైర్యం లేదు. లేపితే పాపం, లేపకపోతే అరిష్టం. అంత పెద్ద యూనిట్ నిద్రపోయే ముసలాయన ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

పుష్పకుమారి అర్థం చేసుకుంది. లేచినా ఆయన నవ్వలేడని, నవ్వితే సగం ముఖమే నవ్వుతుందని, ఆ సగాన్ని ఇంతమందిలో చూపించాల్సి వస్తుందని రాత్రంతా ఆయన భయపడ్డాడని ఆమెకు ఒక్కతెకే తెలుసు. చెంగుతో ముఖం తుడుచుకుంది. కుర్చీ పక్కన నిలబడి, మొగుడి చేతి మీద చెయ్యి వేసి, ఆ నల్లటి కెమెరా కంట్లోకి సూటిగా చూసింది.

“నేను నవ్వితే సరిపోతుందా బాబూ?” అంది.

డైరెక్టరు కెమెరామేన్ వైపు చూశాడు. కెమెరామేన్ తలూపాడు.

మొదట నవ్వు రాలేదు. పెదవులు మాత్రం కదిలాయి. మూఢనమ్మకాలని రోజూ దెప్పిన తను ఇక్కడ దండ వేసిన మొగుడి పక్కన నిలబడి పళ్ళికిలిస్తోందని చర్చివాళ్ళెవరైనా చూస్తే ఏమవుతుందో అనుకుంది. సరిగ్గా అప్పుడు పక్కన అంతోని పెద్దగా గురక పెట్టాడు. బాలమణి కిసుక్కుమంది. పుష్పకుమారికి నవ్వు తన్నుకొచ్చింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే పళ్ళన్నీ కనపడేలా నవ్వింది, కడుపు పట్టుకుని నవ్వింది. ఎవరో ఈల వేయబోతే వీరయ్య వాడి నోరు మూశాడు.

లైట్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. జనం చెప్పులు చేతబట్టుకుని బయటికి నడిచారు. సామాను సర్దే మనుషులిద్దరు కుర్చీ దగ్గరికి వచ్చి, దాన్ని పైకి చేర్చాలని, బంగళావాళ్ళు అడుగుతున్నారని గొణిగారు. పుష్పకుమారి అప్పటికే కుర్చీ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, ఆయన మోకాలికి తల ఆనించింది. ఆమె కళ్ళు కూడా మూతలు పడుతున్నాయి.

“కాసేపాగి తీసుకెళ్ళండి నాయనా,” అంది.